మొదటి స్క్రిప్ట్ ఎవరికి అమ్మాలి? చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి మళ్ళీ చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. మీది నెల్లూరు, షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రుళ్ళు కూర్చుని ఒక తెలుగు సినిమా స్క్రిప్ట్ మొత్తం పూర్తి చేశారు, 140 పేజీలు వచ్చింది. హైదరాబాద్‌లో నిర్మాణ సంస్థలకి మెయిల్స్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు. ఎవరో ఒక మేనేజర్ మాత్రం "స్క్రిప్ట్ మొత్తం వాట్సాప్‌లో పెట్టండి, సార్‌కి చూపిస్తా" అన్నాడు, పంపాలంటే భయమేస్తోంది. పంపాలా వద్దా, రిజిస్టర్ చేయించాలా, ఎంత వస్తుంది, ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్ళిపోవాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. తెలుగులో కొత్తవాళ్ళ స్క్రిప్ట్‌ని నిర్మాత నేరుగా కొనడం చాలా అరుదు. కొనిపించేది దర్శకుడు. ప్రొడక్షన్ హౌస్‌ల మెయిల్ ఐడీలు వెతకడం ఆపేసి, మీ కథని తన సినిమాగా తీయాలనుకునే ఒక దర్శకుణ్ణి వెతకండి. వాట్సాప్‌లో స్క్రిప్ట్ పంపకండి. రిజిస్టర్ చేయించండి, కానీ దానితో అంతా భద్రం అనుకోకండి. ఉద్యోగం మానకండి. డబ్బు సంగతి కింద వివరంగా రాస్తాను, ప్రస్తుతానికి మొదటి కథ డబ్బుతో ఏ ఈఎంఐ కట్టాలనీ ప్లాన్ చేసుకోవద్దు.

నేను చెన్నైలోనే, సాలిగ్రామంలో ఉంటాను. తమిళం నుంచి తెలుగులోకి డబ్ అయ్యే సినిమాలకి మాటలు రాయడం నా ప్రధాన వృత్తి, దానితో పాటు ఇక్కడి దర్శకుల దగ్గరా, హైదరాబాద్ దర్శకుల దగ్గరా కథా చర్చల్లో కూర్చుంటాను. కథలు అమ్మాను, ఇతరులు తమ కథ అమ్ముకుంటుంటే పక్కనుండి చూశాను, కాగితాలు చదివి పెట్టాను. అందుకని చెప్పేదంతా కమర్షియల్ తెలుగు, తమిళ సినిమా గురించే అనుకోండి. వెబ్ సిరీస్‌ల పద్ధతి కొంచెం వేరు, అక్కడ నలుగురైదుగురు కలిసి రాస్తారు.

నిర్మాత ఎందుకు కొనడంటే, అతని డబ్బు కథ మీద కదలదు, హీరో డేట్స్ మీద కదులుతుంది. హీరో డేట్స్ ఇచ్చేది ఎదురుగా కూర్చుని కథ చెప్పిన దర్శకుడి మీద నమ్మకంతో. ఈ వరసలో ఒట్టి కాగితాల కట్టకి చోటు లేదు. మీ 140 పేజీలు నిర్మాత చేతికి వెళ్ళినా ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు, దానికి దర్శకుణ్ణి వెతకాలి, ఆ దర్శకుడికి అది నచ్చాలి, అతను వెళ్ళి హీరోకి చెప్పాలి. ఇంత పని ఆయన మీకోసం ఎందుకు పెట్టుకుంటాడు? హాలీవుడ్‌లో ఏజెంట్లుంటారు, వచ్చిన స్క్రిప్ట్ చదివి రిపోర్టు రాసే రీడర్లుంటారు. అక్కడి పుస్తకాలు, యూట్యూబ్ పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్ళు ఇక్కడా అలాగే ఉంటుందనుకుని మెయిల్స్ పెడతారు. మన దగ్గర చాలా ఆఫీసుల్లో స్క్రిప్ట్ చదవడం ఎవరి ఉద్యోగమూ కాదు. కొన్ని పెద్ద సంస్థలు ఇప్పుడు చదివే మనుషుల్ని పెట్టుకున్నాయి, వాళ్ళు కూడా తెలిసినవాళ్ళ ద్వారా వచ్చినవే ముందు తీస్తారు. ఓటీటీలదీ ఇదే దారి. నెట్‌ఫ్లిక్స్ అయితే ఏజెంటో, నిర్మాతో, లాయరో లాంటి తెలిసిన మనిషి ద్వారా తప్ప బయటి కథలు తీసుకోమని తన వెబ్‌సైట్‌లోనే రాసిపెట్టింది. కాబట్టి మీ మెయిల్స్‌కి జవాబు రాకపోవడం మీ కథ మీద తీర్పు కాదు. దాన్ని ఎవరూ తెరిచి కూడా ఉండరు.

ఒకప్పుడు ఇలా లేదు. మా పక్కనే వడపళనిలో విజయా వాహినీ స్టూడియో వెలుగుతున్న రోజుల్లో సంస్థలే రచయితల్ని పెట్టుకునేవి, పింగళి నాగేంద్రరావు గారు విజయా వారికి ఆస్థాన రచయిత. కథ ముందు తయారయ్యేది, దర్శకుడూ నటులూ దాని చుట్టూ చేరేవారు. పరిశ్రమ హైదరాబాద్ వెళ్ళింది, పద్ధతీ మారింది, ఇప్పుడు టైటిల్స్‌లో "కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం" మూడూ కలిపి ఒకే పేరు రావడం మామూలైపోయింది. కొత్త రచయితకి అసలు అడ్డం ఇక్కడుంది. చాలామంది దర్శకులకి మొదటి అవకాశం వచ్చిందే సొంత కథ ఉందని, అందుకని ఆ "కథ" అనే పదం పక్కన వేరే పేరు పెట్టడానికి వాళ్ళకి మనసొప్పదు. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, వాళ్ళూ అదే పేరు కోసం ఏళ్ళు తిరిగినవాళ్ళే. మీరు చేయాల్సిందల్లా ఎవరికి నిజంగా బయటి కథ అవసరమో కనిపెట్టడం.

నా లెక్కలో మీ కథ అందరికంటే ఎక్కువ అవసరమైన మనిషి రెండో సినిమా దర్శకుడు. మొదటి సినిమా కథని ఆయన ఐదారేళ్ళు మోసి ఉంటాడు, ఎక్కడెక్కడో చెప్పీ చెప్పీ నలిగి గట్టిపడిన కథ అది. సినిమా ఓ మాదిరిగా ఆడగానే నిర్మాత అడ్వాన్స్ చేతిలో పెడతాడు, హీరో మేనేజర్ "ఏముంది మీ దగ్గర" అని ఫోన్ చేస్తాడు, చూస్తే ఏమీ ఉండదు, ఉన్నది ఒకటే, అది అయిపోయింది. ఆ ఆరేడు నెలల్లో ఆయన బయటి కథ వింటాడు, మనస్ఫూర్తిగా వింటాడు. నాకు తెలిసిన గుంటూరు అబ్బాయి ఒకడు ఇక్కడ అంబత్తూరులో బ్యాంకులో పని చేసేవాడు. పెద్ద పేర్ల వెంట పడలేదు. ఆ సంవత్సరం మొదటి సినిమా తీసి, అది ఫ్లాపూ సూపర్‌హిట్టూ కాకుండా మధ్యస్థంగా ఆడిన తెలుగు దర్శకుల జాబితా రాసుకుని, ఒక్కొక్కరి సినిమా శ్రద్ధగా చూసి, వాళ్ళ కో-డైరెక్టర్ల ద్వారా దగ్గరయ్యాడు. అందులో ఒకాయన కథ విన్నాడు, తీసుకున్నాడు. టైటిల్స్‌లో "మూలకథ" అని పేరు పడింది. మీరు దీనికంటే పెద్దదేమైనా ఆశిస్తుండొచ్చు, కానీ మొదటి కథకి అది మంచి ఫలితమని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే రెండో కథ చెప్పడానికి వెళ్ళినప్పుడు ఎవరూ అతన్ని గుమ్మం బయట నిలబెట్టలేదు.

రెండో రకం, షార్ట్ ఫిల్మ్స్ బాగా తీసి, తీయడం వచ్చు, రాయడం అంతగా రాదు అని తనకే తెలిసిన కుర్రాడు. ఇలాంటివాళ్ళతో చేరితే డబ్బు ఆలస్యమవుతుంది, కానీ స్నేహం నిలిస్తే ఇద్దరూ కలిసే పైకి వస్తారు. మూడో రకం, పాతికేళ్ళుగా కో-డైరెక్టర్‌గా ఉండి ఒక నిర్మాత మాటిచ్చిన పెద్దాయన. ఇక్కడ జాగ్రత్త, మాట ఇచ్చిన నిర్మాత ఎవరో, ఆఫీసు తెరిచాడో లేదో కనుక్కున్నాకే మీ సమయం పెట్టండి.

చెన్నైలో ఉండటం మీకు నష్టమని అనుకుంటున్నారు, నేనలా అనుకోను. తమిళ దర్శకులు తెలుగు, తమిళం రెండిట్లో ఒకేసారి సినిమా తీయడం ఇప్పుడు మామూలు. వాళ్ళకి తెలుగు వైపు నుంచి సీన్ చూసి "ఈ ఆచారం మన దగ్గర లేదు, ఈ మాట అనంతపురంలో ఇలా అనరు" అని చెప్పే మనిషి కావాలి. డబ్బింగ్ పని కూడా ఇక్కడ దొరుకుతుంది. అది చిన్నపని అనుకోవద్దు. తెర మీద నటుడి పెదవులు కలిసిన చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి, వాక్యం అతని ఊపిరికి సరిపోవాలి, అర్థం మారకూడదు. కొన్నాళ్ళు ఆ పని చేస్తే మీ స్క్రిప్ట్‌లో మాటలన్నీ మీరే సగానికి కోసేస్తారు. పైగా ఆ డబ్బింగ్ థియేటర్లలోనే దర్శకులూ ఎడిటర్లూ అసోసియేట్లూ పరిచయమవుతారు, చొరవగా ఆఫీసు గుమ్మం ఎక్కాల్సిన పని లేకుండానే. మీ ఆఫీసు ఉన్న ఓఎంఆర్ రోడ్డు మొదట్లోనే తరమణిలో ఎంజీఆర్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడి పిల్లలు చదువులో భాగంగా తీసే సినిమాలకి రాసిపెట్టడం కూడా మంచి ఆరంభమే. తమిళం మాట్లాడటం వస్తుందనుకుంటాను, రాకపోతే ముందు అది నేర్చుకోండి.

ఇంకో తలుపు కూడా ఉంది, మన వాళ్ళు తక్కువమంది తడతారు. కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ 2007 నుంచి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ నడుపుతోంది, ఎంపికైనవాళ్ళ స్క్రిప్ట్‌ని పెద్ద రచయితలు కూర్చోబెట్టి దిద్దిస్తారు, నవంబరులో గోవాలో జరిగే ఫిల్మ్ బజార్‌లో నిర్మాతల ముందు చెప్పే అవకాశం ఇస్తారు. మీది ఫైట్లూ పాటలూ ఉన్న మాస్ కథ అయితే ఇది మీ దారి కాదు. ఒక ఊరినీ, ఒక కుటుంబాన్నీ లోతుగా పట్టుకున్న కథ అయితే తప్పకుండా ప్రయత్నించండి.

ఇప్పుడు కథ చెప్పడం గురించి. ఎవరో ఒకరు వింటామన్న రోజు వచ్చిందనుకోండి. అక్కడ అమ్ముడుపోయేది మీరు రాసింది కాదు, మీరు చెప్పింది. నాకిది అన్యాయంగా అనిపిస్తుంది, బాగా రాసి చెప్పలేనివాళ్ళు ఎంతమంది వెనక్కి పోయారో చూశాను కాబట్టి. కానీ పద్ధతి ఇది, దీనికి సిద్ధం కాక తప్పదు. మీ దగ్గర మూడు కొలతల్లో కథ ఉండాలి. రెండు నిమిషాల లైన్, లిఫ్ట్ దగ్గరో కారు ఎక్కేలోపో చెప్పడానికి. ఇరవై నిమిషాలది, అందులో ఇంటర్వెల్ ఏంటో, క్లైమాక్స్ ఏంటో దాచకుండా చెప్పాలి, "మిగతాది సినిమాలో చూడండి సార్" అనే కొత్తవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ ఒక్క మాటతో మీటింగ్ అయిపోతుంది. మూడోది రెండు, రెండున్నర గంటల పూర్తి నరేషన్.

చెప్పేటప్పుడు "ఓపెన్ చేస్తే డ్రోన్ షాట్", "ఇక్కడ ఆర్‌ఆర్ అదిరిపోతుంది" ఇవి వద్దు. షాట్లు దర్శకుడి పని, ఆర్‌ఆర్ అంటే నేపథ్య సంగీతం, అది సంగీత దర్శకుడి పని. మీరు మనిషిని చెప్పండి, వాడికి ఏం కావాలో, ఎందుకు దొరకడం లేదో. ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఇంట్లో గట్టిగా చెప్పి వినండి. తర్వాత సినిమాతో ఏ సంబంధం లేని వాళ్ళకి, మీ రూమ్మేట్‌కో మీ పిన్నికో చెప్పండి. వాళ్ళ అభిప్రాయం అడగక్కర్లేదు, ఎక్కడ చూపు పక్కకి పోయిందో, ఎక్కడ చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళిందో ఆ సీన్ నంబరు గుర్తు పెట్టుకుంటే చాలు. అసలు మీటింగ్‌లో మధ్యలో ఫోన్లు వస్తాయి, ఎవరో లోపలికి వచ్చి చెక్కు మీద సంతకం పెట్టించుకుంటారు, ఆయన కళ్ళు మూసుకుని వింటాడు, నిద్రపోయాడేమో అనిపిస్తుంది. ఆపిన చోటు నుంచి ఒక్క వాక్యంలో అందుకుని మళ్ళీ మొదలుపెట్టగలగాలి. ఇది సాధన వల్లే వస్తుంది.

స్క్రిప్ట్ కాగితం మీద ఎలా ఉండాలో కూడా చెప్తాను. మన దగ్గర పాత పద్ధతి పేజీని నిలువుగా రెండుగా చేసి ఎడమవైపు జరిగేది, కుడివైపు మాటలు రాయడం, ఇప్పటికీ చాలామంది అలాగే అడుగుతారు. హాలీవుడ్ ఫార్మాట్ అయినా ఫర్వాలేదు. పేజీకో నిమిషం అనే లెక్క తెలుగు లిపిలో కుదరదు, దాన్ని పట్టించుకోకండి. దీనితో పాటు సీన్ ఆర్డర్ ఒకటి, అంటే ఒక్కో సీన్‌కి రెండు మూడు వాక్యాలు, విడిగా పెట్టుకోండి. చర్చల్లో అందరూ చేతిలో పట్టుకునేది దాన్నే.

సరే, దొంగతనం భయం. కథలు పోవని నేను చెప్పను, పోతాయి. కానీ చట్టం దేన్ని కాపాడుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది: ఐడియాకి, ఇతివృత్తానికి, చారిత్రక విషయాలకి కాపీరైట్ ఉండదు, వాటిని మీరు ఏ రూపంలో, ఏ అమరికలో వ్యక్తం చేశారో దానికే ఉంటుంది. అంటే "చనిపోయిన అన్న పేరుతో తమ్ముడు ఉద్యోగం చేస్తాడు" అనే లైన్ మీది కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. దాన్ని పాత్రలుగా, సీన్లుగా, మలుపులుగా విప్పి రాసిన స్క్రిప్ట్ మీది. అందుకే లైన్ మాత్రమే పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం ప్రమాదం, మీరు పూర్తి స్క్రిప్ట్ రాశాకే బయల్దేరారు, ఆ విషయంలో చాలామంది కంటే మెరుగ్గా ఉన్నారు. పేరుకి కూడా కాపీరైట్ లేదు, 2015లో సుప్రీం కోర్టు అదీ తేల్చింది. కాబట్టి టైటిల్ ఎవరో పెట్టేసుకున్నారని కుంగిపోకండి.

కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ గొడవ వచ్చినప్పుడు తేదీ కావాలి, అందుకు చేయించాలి. కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లో ఫీజు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు, ఆ తర్వాత పరిశీలన, సర్టిఫికెట్ వచ్చేసరికి ఇంకా చాలా టైమ్ పడుతుంది, ఓపిక పట్టండి. రచయితల సంఘాల్లో త్వరగా అవుతుంది, చెన్నైలో సౌత్ ఇండియన్ ఫిల్మ్ రైటర్స్ అసోసియేషన్ ఉంది, హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ ఆన్‌లైన్‌లోనే చేస్తుంది. సంఘంలో సభ్యత్వం ఉంటే ఇంకో లాభం, మీ తరఫున మాట్లాడే పెద్దలుంటారు. 2018లో తమిళ సినిమా "సర్కార్" విషయంలో జరిగింది గుర్తుండే ఉంటుంది. వరుణ్ రాజేంద్రన్ అనే రచయిత 2007లోనే "సెంగోల్" పేరుతో ఇక్కడి సంఘంలో కథ రిజిస్టర్ చేసుకున్నాడు, "సర్కార్" ఆ కథేనని ఫిర్యాదు చేశాడు. సంఘం అధ్యక్షుడు భాగ్యరాజ్ ఆయన వైపు నిలబడ్డారు, విషయం మద్రాసు హైకోర్టుకి వెళ్ళింది, విడుదలకి ముందే టైటిల్స్‌లో ఆయన పేరు వేయడానికి ఒప్పందం కుదిరింది. పదకొండేళ్ళ కిందటి ఆ తేదీ లేకపోతే ఆ గొంతు ఎవరికీ వినిపించేది కాదు. స్క్రిప్ట్‌ని మీకు మీరే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవర్ విప్పకుండా దాచుకోవాలనే సలహా ఇక్కడ చాలా తిరుగుతుంది, చట్టంలో దానికి ప్రత్యేకమైన విలువేమీ లేదు, ఆ శ్రమ 500 రూపాయల ఫీజు మీద పెట్టండి.

ఇంకొకటి, ఖర్చు లేనిది. కథ చెప్పి బయటికి రాగానే అదే రోజు ఒక మెయిల్ పెట్టండి: "ఈరోజు సాయంత్రం మీ ఆఫీసులో ఫలానా పేరుతో నా కథ వినిపించాను, మీ సమయానికి ధన్యవాదాలు" అని, కింద ఒక పేజీ సారాంశం. మర్యాదగా ఉంటుంది, రికార్డూ ఉంటుంది. విన్న కథ బయటపెట్టమనే ఒప్పందం (ఎన్‌డీఏ) మీద సంతకం పెట్టమని మాత్రం వాళ్ళని అడగకండి, ఇక్కడ ఎవరూ పెట్టరు, అడిగితే మిమ్మల్ని పిలవడమే మానేస్తారు.

ఇక ఆ వాట్సాప్ మేనేజర్. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. కానీ వాట్సాప్‌లో పెట్టిన ఫైలు ఎవరెవరి ఫోన్లకి వెళ్తుందో మీకు తెలీదు, ఆయనకీ తెలీదు. ఒక పేజీ సారాంశం మెయిల్‌లో పంపి "సార్ వింటానంటే ఎప్పుడైనా వచ్చి చెప్తాను" అనండి. నిజంగా ఆసక్తి ఉంటే పిలుస్తారు. పిలిపించడానికి డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. కథ వినిపించడానికి రచయిత ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది దొంగతనం వల్ల కాదు, సంతకం వల్ల. కథ నచ్చింది అన్నాక వచ్చే వారం రోజులు చాలా జాగ్రత్తగా ఉండండి. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని మనిషికి ఒక్కసారిగా కాఫీలు, భుజం మీద చేతులు. ఆ సంతోషంలో పదివేలో యాభైవేలో టోకెన్ అడ్వాన్స్ తీసుకుని, తెల్లకాగితం మీదో స్టాంపు పేపర్ మీదో "సర్వ హక్కులు శాశ్వతంగా" అని రాసిన దానికింద సంతకం పెట్టేస్తారు. నేను పని చేసిన ఒక చర్చల బృందంలో ఒంగోలు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది, చాలా మంచి రచయిత్రి. ఆమె కథని ఒక సంస్థ ఇలాగే తీసుకుంది. తీయలేదు, తిరిగి ఇవ్వలేదు. వేరే దర్శకుడు అడిగితే ఇవ్వడానికి ఆమె చేతిలో కథ లేదు, లింకు డాక్యుమెంట్లు వేరేవాళ్ళ బీరువాలో ఉన్న స్థలం లాగా. ఆ కాగితం ఎవరైనా లాయర్‌కి ముందే చూపించి ఉంటే ఒక గంట పని.

చట్టం మీ వైపే ఉంది, కాగితం దాన్ని తిప్పేయకుండా చూసుకుంటే చాలు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి, ఏ హక్కులు, ఎంత కాలానికి, ఎంత డబ్బుకి అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళు అని లెక్క. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కొన్నవాళ్ళు ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే బదిలీ రద్దయినట్టే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఈ "వేరేగా" అనే నాలుగు ముక్కలు ఎక్కడో పదో పేరాలో ఉంటాయి, మీరు వెతకాల్సింది వాటికోసమే. వాళ్ళు ఐదేళ్ళు అడిగితే రెండేళ్ళు అనండి, ఆ గడువులో షూటింగ్ మొదలు కాకపోతే కథ మీకు తిరిగి రావాలని, ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి ఇవ్వక్కర్లేదని రాయించండి. ఏ భాషలో సినిమా అన్నది స్పష్టంగా ఉండాలి. రీమేక్, సీక్వెల్, వెబ్ సిరీస్ హక్కులు విడిగా మాట్లాడుకోవాలి, లేదా వాటిమీద వచ్చినదాంట్లో మీకు వాటా అని ఉండాలి. మొదటి కథకి ఇవన్నీ ఇవ్వరు, నాకు తెలుసు. అడగండి, ఒకటో రెండో దక్కుతాయి.

పేరు మాత్రం వదులుకోవద్దు. టైటిల్స్‌లో ఏ పదంతో, విడి కార్డు మీదా కలిపా, పోస్టర్ మీద ఉంటుందా అన్నది ఒప్పందంలో అక్షరాలా రాయించండి. హక్కులు అమ్మేసినా రచన నాదే అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ రచయితకి ఉంచింది. డబ్బు కొంచెం తగ్గించుకుని పేరు తీసుకోండి అని నేను ఎవరికైనా చెప్తాను, డబ్బు ఎక్కువ ఇస్తాం పేరు వద్దు అంటే అది మీరు ఆలోచించుకోవాల్సిన విషయం, అద్దె కట్టాల్సిన నెలలో ఆ నిర్ణయం తీసుకున్న వాళ్ళని నేను తప్పు పట్టను. 2012 సవరణ తర్వాత థియేటర్ బయట జరిగే వాడకం మీద రాయల్టీలో రచయితకి సమాన వాటా అన్నది కూడా చట్టంలోకి వచ్చింది. చేతికి అందడం ఇంకా కష్టంగానే ఉంది, అయినా ఆ హక్కు వదులుకుంటున్నాను అనే వాక్యం కింద సంతకం పెట్టకండి.

ఎంత వస్తుంది అన్నదానికి స్థిరమైన రేటు లేదు. బడ్జెట్‌ని బట్టి, దర్శకుడికి ఎంత అవసరమో దాన్ని బట్టి ఉంటుంది. అంకె కంటే ముఖ్యం ఎప్పుడెప్పుడు ఇస్తారన్నది. సంతకం రోజు కనీసం మూడో వంతు, చివరి డ్రాఫ్ట్ ఇచ్చిన రోజు మూడో వంతు, మిగతాది షూటింగ్ మొదలయ్యే రోజు. విడుదలకి ముందు ఇస్తాం అన్న భాగాన్ని రాదనుకునే లెక్క వేసుకోండి, విడుదల వారంలో నిర్మాతకి ఎన్నో బాకీలుంటాయి, రచయిత చివర నిలబడతాడు. ఎన్ని డ్రాఫ్ట్‌లు తిరగరాయాలో కూడా రాయించుకోండి, లేకపోతే ఏడాది పొడుగునా రాస్తూనే ఉంటారు. ఇచ్చేదాంట్లో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, అది ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో కనిపించాలి, కనిపించకపోతే అడగండి.

హైదరాబాద్ వెళ్ళిపోవాలా అన్నారు. ఇప్పుడే వద్దు. అక్కడికి వెళ్ళి కృష్ణానగర్‌లో గది తీసుకుంటే మీరు కథ వినేవాళ్ళకి దగ్గరవుతారు, నిజమే, కానీ జీతం లేని నాలుగో నెలలో ఎవరేం చెప్పినా ఒప్పుకుంటారు, మీ కథని మీరే చెడగొట్టి ఇస్తారు. చెన్నై నుంచి రాత్రి రైలెక్కితే పొద్దునకి అక్కడుంటారు, రెండు మూడు మీటింగులు కలిపి శుక్రవారం సెలవు పెట్టుకుని వెళ్ళి రండి. ఎవరైనా మిమ్మల్ని జీతం మీద చర్చలకి పిలిస్తే, కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే, అప్పుడు ఆలోచించండి. ఈలోగా రెండో స్క్రిప్ట్ మొదలుపెట్టండి. మొదటిది విన్న ప్రతివాళ్ళూ చివర్లో "ఇంకేమైనా ఉందా" అని అడుగుతారు, ఆ ప్రశ్నకి ఉంది అని చెప్పగలిగినవాళ్ళే మళ్ళీ పిలుపు అందుకుంటారు.

మీరు అడగలేదు కానీ, ఉద్యోగంలో ఉన్నవాళ్ళు తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటుంది. మీ ఆఫర్ లెటర్‌లో మేధో సంపత్తి గురించి ఒక పేరా ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా చేసిన రచన యజమానికి చెందుతుందని చట్టం అంటుంది, సినిమా స్క్రిప్ట్ మీ ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి మామూలుగా ఇబ్బంది లేదు. కానీ కొన్ని కంపెనీల ఒప్పందాలు ఉద్యోగ కాలంలో మీరు సృష్టించినదంతా మాదే అన్నంత విశాలంగా రాస్తాయి, బయట సంపాదనకి ముందే అనుమతి కావాలంటాయి. ఆ పేరా ఒకసారి చదవండి, అవసరమైతే హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. స్క్రిప్ట్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో గానీ ఆఫీసు మెయిల్‌లో గానీ ఉంటే ఈరోజే సొంత కంప్యూటర్‌లోకి మార్చుకోండి, కంపెనీ రూల్స్ ప్రకారం మార్చుకోవచ్చో లేదో చూసుకుని. రిజిస్ట్రేషన్ ఆ తర్వాత చేయించండి. ఒప్పందం కాగితం ఎవరైనా ఇస్తే సంతకానికి ముందు కాపీరైట్ తెలిసిన లాయర్‌కి చూపించండి, సంఘంలో సభ్యులైతే అక్కడ అడిగినా ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెప్తారు.